అంశం నంబరు 37

మా ఇంటికీ భారతదేశానికీ మధ్య మూడున్నర అడుగుల వెడల్పున ఒక మురుగుకాలవ ఉంది. దాని మీద సిమెంటు పలక ఉన్నన్నాళ్లూ మేమూ ఈ దేశంలో భాగమే. ఓటేసి వచ్చేవాళ్లం, పాలు తెచ్చుకునేవాళ్లం, పెళ్లిళ్లకి వెళ్లి భోంచేసి వచ్చేవాళ్లం. పోయిన ఏడాది శ్రావణమాసంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే, ఇటుకల ట్రాక్టరు ఒకటి మలుపు తిరగడానికి ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు మా వాకిట్లోకొచ్చి వెనక చక్రం ఆ పలక మీదికెక్కించింది. పలక రెండు ముక్కలైంది. అప్పటి నుంచీ మేం ద్వీపవాసులం.

మీకు నవ్వొస్తోందంటే మీ ఇంటి ముందు పలక ఇంకా బాగుందన్నమాట. ఉండనివ్వండి. ట్రాక్టర్లు చాలా ఉన్నాయి.

ఆ రోజు పేరంటానికొచ్చిన ముత్తైదువులు పట్టుచీరలు చీలమండల పైకెత్తిపట్టుకుని, అవతలి గట్టు మీదే నిలబడి, చెయ్యి చాపి వాయనాలందుకున్నారు. శనగలు సగం కాలవ పాలయ్యాయి. గ్యాసు కుర్రాడు సిలిండరు రోడ్డు మీదే దించి, “ఇంటి దాకా డెలివరీ అంటే కాలవ దాకానే సార్” అని కొత్త సూత్రం చెప్పాడు. పేపరబ్బాయి గురి చూసి విసురుతాడు. వారంలో నాలుగు రోజులు పేపరు వసారాలో పడుతుంది, మిగతా మూడు రోజులు వార్తలు వాటి అసలు చోటికే చేరతాయి. చివరికి అటక మీద దాచుకున్న మా తాతగారి నాటి టేకు తలుపు రెక్క దింపాం. చిలకల చెక్కడం, ఇత్తడి గడియ, పసుపు మరకలు అన్నీ అలాగే ఉన్నాయి. మూడు తరాల పాటు మా వంశ గౌరవాన్ని కాపాడిన ఆ వీధి తలుపుని కాలవ మీద పడుకోబెట్టాం. అది ఇప్పటికీ వీధి తలుపే. కాకపోతే వీధిలోనే ఉంది.

ఎంతో బరువెక్కిన మనసుతో వార్డు సచివాలయానికి వెళ్లాను. 2019 అక్టోబరు 2 నుంచి రాష్ట్రంలో ఇవి ఉన్నాయని మీకు తెలుసు, మీరూ ఏదో ఒక పలక కోసం వెళ్లే ఉంటారు. అక్కడి ఎమినిటీస్ సెక్రటరీ మా అబ్బాయికన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. నాతోపాటు వచ్చి కాలవకి ఫొటో తీశాడు. “కొలత తెలియడానికి మీరు కూడా నిలబడండి మాస్టారూ” అన్నాడు. ముప్పయ్యారేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, జీవితంలో మొట్టమొదటిసారి స్కేలుగా పనికొచ్చాను. ఆరో రోజున సెల్‌ఫోన్‌కి సందేశం వచ్చింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.’ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను. తలుపే ఉంది.

తర్వాత మున్సిపల్ ఇంజనీరు, ఏఈ గారొచ్చారు. టేపు పట్టారు, చిన్న పుస్తకంలో రాసుకున్నారు, ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యేశారు. “ఒక్క పలకకి పద్దు లేదండీ. కాలవ మొత్తం కడితే అందులో పలక కూడా వచ్చేస్తుంది” అన్నారు. అంటే, చొక్కా బొత్తాం ఊడితే చొక్కా మొత్తం కుట్టిస్తేగాని బొత్తాం రాదన్నమాట. సరే అన్నాను. అక్కడే పొరపాటు చేశాను. సిమెంటు కొట్టువాడు పద్దెనిమిది వందలకి ఇస్తానన్న పలక, నా నోట్లోంచి ‘సరే’ వెలువడిన మరుక్షణం పధ్నాలుగు లక్షల రూపాయల ప్రజా ప్రయోజన పథకమైపోయింది.

ఆ ఎస్టిమేటు కాపీ సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకున్నాను. దాన్ని మించిన పఠనీయ గ్రంథం ఈ మధ్య నేను చదవలేదు. మట్టి తవ్వకం ఉంది, తవ్విన మట్టిని మోసుకుపోవడం ఉంది, మోసుకుపోయిన దూరం ఉంది. కంకరకీ ఇసుకకీ సీనరేజీ ఉంది. జీఎస్‌టీ 18 శాతం ఉంది. కార్మికుల సంక్షేమానికి సెస్సు 1 శాతం, నిర్మాణ అకాడమీకి 0.1 శాతం ఉన్నాయి. ఆ పాయింట్ ఒకటి చూసి నాలోని లెక్కల మాస్టారు పులకించిపోయాడు. ఇంత జాగ్రత్తగా దశాంశాలు లెక్కపెట్టేవాళ్లు మీటర్లు లెక్కపెట్టడంలో తప్పు చేస్తారని ఎవరనుకుంటారు? తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను.

మా వీధి కాలవ రామాలయం దగ్గర మొదలై మెయిన్‌రోడ్డులో కలుస్తుంది. ఒకే కాలవ, ఒకే వాలు, ఒకే వాసన. దీన్ని రెండు పనులుగా విడగొట్టారు. ఎందుకని అడక్కండి, మీకు తెలుసు. ఇన్ని లక్షల లోపు పనైతే టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చేయొచ్చని, ఆ పైనైతే ఆన్‌లైన్‌లో పిలవాలని ఒక గీత ఉంటుంది. ఆ గీత ప్రభుత్వాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మా ఊరి పనులు మాత్రం అది ఎక్కడుంటే అక్కడికి సరిగ్గా ఐదారు వేలు ఇవతలే ఆగుతాయి. పనిని ముక్కలు చెయ్యకూడదని రూలు కూడా ఉంది. అందుకే వాళ్లు వాటిని ముక్కలనరు. రీచ్‌లంటారు.

రీచ్-1 రామాలయం నుంచి 86వ మీటరు దాకా. అది నామినేషన్ మీద, పక్క వార్డు కౌన్సిలరుగారి బావమరిదికి దక్కింది. రీచ్-2 అక్కడి నుంచి మెయిన్‌రోడ్డు దాకా. అందులో కల్వర్టు ఉంది కాబట్టి డబ్బు ఎక్కువ, టెండరు తప్పదు. కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంది. కానీ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూస్తే, రీచ్-2 మొదలయ్యేది 88వ మీటరు దగ్గర. 88లోంచి 86 తీసేస్తే ఎంత? ఆరో తరగతి వెనక బెంచీవాడు కూడా చెబుతాడు, రెండు. ఆ రెండు మీటర్లలో ఏముంది? మా ఇంటి గేటు. ఎడమ స్తంభం దగ్గర రీచ్-1 ముగుస్తుంది, కుడి స్తంభం దగ్గర రీచ్-2 మొదలవుతుంది. నడుమ ఉన్న నేల ఏ పద్దులోనూ లేదు, ఏ కాంట్రాక్టరుదీ కాదు, ఏ ఎస్టిమేటూ దాన్ని గుర్తించలేదు. అంటార్కిటికా సంగతి విన్నాను, అది ఏ దేశానిదీ కాదట. అక్కడ కనీసం పెంగ్విన్లున్నాయి. మాకు పందులు.

“టైపింగ్ పొరపాటై ఉంటుందండీ” అన్నారు ఏఈ గారు. మరి దిద్దండి అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు. “కౌన్సిల్ ఆమోదించేసింది కదండీ. ఇప్పుడు ఒక్క అంకె మార్చాలన్నా మళ్లీ కౌన్సిల్‌లోనే పెట్టాలి.” ఎనిమిది పక్కనున్న ఎనిమిదిని ఆరు చెయ్యాలంటే నలభై వేల మంది ఓటర్ల ప్రతినిధులు సమావేశం కావాలి. ఎర్ర ఇంకు పెన్ను జేబులోనే ఉంది. తీసి మళ్లీ పెట్టేసుకున్నాను.

ఈలోగా రీచ్-1 పూర్తయింది. ఎం-బుక్కులో, అంటే వాళ్ల కొలతల పుస్తకంలో, పలకలతో సహా పూర్తయింది. నేలమీద పలకల్లేకుండా పూర్తయింది. రెంటికీ వైరుధ్యం లేదని తెలిసినవాళ్లన్నారు. ఎం-బుక్కులో ఉన్నది కొలత, నేలమీద ఉన్నది కాలవ. రామాలయం నుంచి కొత్త సిమెంటు గోడల మధ్య జారుకుంటూ హుషారుగా వచ్చిన మురుగు మా ఎడమ స్తంభం దగ్గర ఠక్కున ఆగి, ముందుకి దారి లేక, మా వాకిలంతా పరుచుకుంటుంది. అభివృద్ధి మా ఇంటి దాకా వచ్చిందని ఒప్పుకుంటాను.

ఇక రీచ్-2 టెండరు సంగతి. మొదటి కాల్‌కి ఒక్కరూ రాలేదు. రెండో కాల్‌కి ఒక్కరే వచ్చారు, పోటీ లేదని పక్కన పెట్టారు. మూడో కాల్ నాటికి నేను ఈ విద్యలో పండిపోయాను. అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోరని, 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆ తేడాకి అదనంగా డిపాజిట్ కట్టాలని, అందుకే గట్టి పోటీ ఉన్నచోట అందరూ 24 దాటాక పాయింటు పక్కన తొమ్మిదులు పేర్చుకుంటారని తెలుసుకున్నాను. కాంట్రాక్టరుకి ఎంత పని మొయ్యగల సత్తా ఉందో తేల్చడానికి ఒక సూత్రం కూడా ఉంది, టూ ఏ ఎన్ మైనస్ బీ. ఏ అంటే ఇదివరకు ఒక ఏడాదిలో చేసిన అత్యధిక పని విలువ, ఎన్ అంటే ఈ పనికి ఎన్నేళ్ల గడువో, బీ అంటే చేతిలో ఇంకా మిగిలున్న పనులు. ఎంత అందమైన సూత్రమండీ! దీన్ని పదో తరగతిలో పెట్టి ఉంటే పిల్లలకి బీజగణితం మీదా, దేశం మీదా ఒకేసారి అవగాహన కలిగేది. ఆ సూత్రంలో నెగ్గినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఒకే స్కూటరు మీద తిరుగుతుంటారు.

అసలు ఆన్‌లైన్ టెండర్లు ఎందుకొచ్చాయో గుర్తుందా? వెనకటికి టెండరు ఫారం కొనడానికెళ్లినవాణ్ణి ఆఫీసు మెట్ల మీదే ఆపి, మంచి మాటలతోనో మరో రకంగానో వెనక్కి పంపేవారు. పెట్టెలో పడిన కవరు పొద్దుటికి పెట్టెలో ఉండేది కాదు. ఆ బెడద పోవాలనే ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చారు. దేశంలో ముందు వరసలో నిలిచాం, మెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు మెట్ల దగ్గర ఎవరూ ఎవరినీ ఆపరు. మున్సిపల్ ఆఫీసు ఎదురుగా టీకొట్టు ఉంది, అక్కడ కూచుని మాట్లాడుకుంటారు. తప్పుకున్నవాళ్లకి ముట్టేదాన్ని గుడ్‌విల్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి సద్భావన అని అర్థం. అల్లం టీ మాత్రం అక్కడ చాలా బాగుంటుంది.

2019లో రివర్స్ టెండరింగ్ అని ఒకటొచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక అది పోయింది. 100 కోట్లు, ఆ పైన ఖరీదు చేసే పనులని టెండరుకన్నా ముందే న్యాయమూర్తి పరిశీలించేలా అప్పట్లో, 2019లోనే, చట్టం కూడా చేశారు. నేనా చట్టం చదివి కొంతసేపు ఆశపడ్డాను. మా పలకకి ఒక్క తొంభై తొమ్మిది కోట్ల ఎనభయ్యారు లక్షలే తక్కువైంది.

కాంట్రాక్టర్లనే ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి. మూడో కాల్‌లో అందరికన్నా తక్కువ వేసి ఎల్-1గా తేలినతను నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. అప్పట్లో శాతాలు వచ్చేవి కావు, ఇప్పుడు బాగా వస్తున్నాయి. ఒకరోజు తలుపు మీదుగా జాగ్రత్తగా నడిచొచ్చి వసారాలో కూచుని తన గోడు వెళ్లబోసుకున్నాడు. రెండేళ్ల కిందట వేసిన రోడ్డుకి బిల్లు రాలేదట, బయట వడ్డీ నూటికి రెండు రూపాయలట, ఫైలు ఎవరి బల్ల మీదుందో కనుక్కోవడానికి తిరిగిన పెట్రోలు ఖర్చుతో ఇంకో కల్వర్టు కట్టొచ్చట. “ఇన్ని తెలిసీ ఎందుకు వేశావురా?” అన్నాను. “పని లేకపోతే అప్పులవాళ్లు ఇంటికొస్తారు మాస్టారూ. పనుందంటే ఆగుతారు” అన్నాడు. ఇంత లోతైన ఆర్థికశాస్త్రం నాకు తెలియదు. కాఫీ ఇచ్చి పంపాను. వెళ్తూ వెళ్తూ మా రెండు మీటర్ల వంక చూసి, “అది నాది కాదండీ” అన్నాడు.

ఆ విధంగా మా గేటు కౌన్సిల్ అజెండాకెక్కింది. అంశం నంబరు 37. ‘రీచ్-2 నందు 88 మీటర్లకు బదులుగా 86 మీటర్లు అని సవరించుటకు కౌన్సిల్ వారి ఆమోదము కొరకు.’ ఆ కాగితాన్ని మా ఆవిడ దేవుడి గూట్లో పెట్టింది. సమావేశం రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముందే అనుమతి తీసుకుని, హాలు వెనక సందర్శకుల బెంచీ మీద కూచున్నాను. నాతోపాటు ఇంకొకాయన ఉన్నాడు. ఆయనది వీధిలైటు. మూడో సమావేశమట.

పదిన్నరకన్నారు, పన్నెండయింది. అంతసేపూ గోడ మీది పాత చైర్మన్ల పటాలు చూస్తూ మన స్వపరిపాలన చరిత్ర నెమరేసుకున్నాను. మద్రాసుకి 1688లోనే కార్పొరేషన్ ఏర్పడింది. మన భీమునిపట్నానికి 1861లో మున్సిపాలిటీ వచ్చింది. గుంటూరుకి 1866లో వచ్చింది. ప్రజలు తమ ఊరి వ్యవహారాలు తామే చక్కబెట్టుకుంటే వాళ్లకి రాజకీయ శిక్షణ కూడా అవుతుందని రిప్పన్ దొర 1882లో తీర్మానం చేశాడు. ఆ శిక్షణ ఇంకా సాగుతూనే ఉంది. తర్వాత 74వ రాజ్యాంగ సవరణ వచ్చి, పన్నెండో షెడ్యూలులో పద్దెనిమిది బాధ్యతలు రాసింది. రోడ్లున్నాయి, వంతెనలున్నాయి, మంచినీళ్లున్నాయి, పారిశుద్ధ్యముంది, పార్కులున్నాయి, శ్మశానాలూ ఉన్నాయి. పలక అన్న మాట ఎక్కడా లేదు. అంబేడ్కర్ గారుండి ఉంటే ఇలా జరిగేది కాదు.

సభ మొదలైంది. ‘మా తెలుగు తల్లికి’ అయింది. మొదటి అరగంటా అజెండా కాపీలు ముందు రోజు రాత్రి పదింటికి ఇచ్చారని ఒక పక్షం, కాదు తొమ్మిదిన్నరకే ఇచ్చామని ఇంకో పక్షం వాదించుకున్నాయి. ఒక కౌన్సిలరమ్మ లేచి మాట్లాడబోతుంటే, ఎన్నిక కాకపోయినా రెండో వరసలో కూచున్న ఆవిడ భర్త ఆవిడ తరఫున మాట్లాడేశాడు. మహిళలకి సగం సీట్లన్నది చట్టం. మిగతా సగం కుర్చీ ఈయనదనుకుంటాను. ఇంతలో పళ్లేలొచ్చాయి. జీడిపప్పు, మిరపకాయ బజ్జీ, మైసూరుపాకు. నోళ్లు పనిలో పడగానే గుమస్తా అజెండా చదవడం మొదలుపెట్టాడు.

మీరు గుళ్లో సహస్రనామార్చన విన్నారా? పూజారి నామం సగం మింగి ‘నమః’ ఒక్కటే గట్టిగా అంటాడు చూడండి, అచ్చం అలాగే. ఎండాకాలంలో తాగునీటి ట్యాంకర్ల అద్దె, ఆమోదం. చలివేంద్రాల పందిళ్లు, కుండలు, ఆమోదం. బ్లీచింగ్ పౌడరు, సున్నం, ఆమోదం. కోతులు పట్టినవాళ్లకి కోతికింత చొప్పున, ఆమోదం. కోతులిప్పుడు ఎక్కడున్నాయని ఎవరో అడిగారు, మా వార్డులో ఉన్నాయని వేరెవరో అన్నారు, ఆమోదం. సంతమార్కెట్ ఆశీలు వేలంలో సర్కారు వారి పాట కన్నా ఎక్కువ పాడేవాడు రాలేదు కాబట్టి పాత పాటదారుకే ఇంకో మూడు నెలలు, ఆమోదం. గత సమావేశంలో తిన్న ఫలహారాల ఖర్చు, ఏకగ్రీవ ఆమోదం. వీటిలో సగానికి పైగా ఎప్పుడో అయిపోయిన పనులు. చైర్‌పర్సన్‌గారి ముందస్తు అనుమతితో చేసేసి, వెనకనుంచి ఆమోదం తెచ్చుకోవడాన్ని ర్యాటిఫికేషన్ అంటారు. మా ఇంట్లోనూ ఆ పద్ధతి ఉంది. ఫ్రిజ్ కొన్న మర్నాడు ఫ్రిజ్ కొందామా అని నన్నడిగారు.

ముప్పయ్యారు అంశాలు పదకొండు నిమిషాల్లో అయిపోయాయి. వాచీ చూసుకునే చెబుతున్నాను. ఆ ఊపు చూసి నా గుండె కూడా ఉప్పొంగింది. ‘అంశం నంబరు 37’ అన్నాడు గుమస్తా. నేను తెలియకుండానే లేచి నిలబడ్డాను. వీధిలైటాయన నా చెయ్యి నొక్కి కూచోబెట్టాడు.

“అధ్యక్షా!” అని ఒక కంఠం ఉరిమింది. రెండో వైస్‌చైర్‌పర్సన్ గారిది. రెండో ఆయనెవరని మీకు సందేహం రావచ్చు. 2021లో చట్టం సవరించి మన మున్సిపాలిటీలకి ఇద్దరేసి వైస్‌చైర్‌పర్సన్లని ఇచ్చారు. రీచ్-2కి శంకుస్థాపన చేసినప్పుడు వేయించిన శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంది, ఎంపీగారి పేరుంది, ఎమ్మెల్యేగారి పేరుంది, చైర్‌పర్సన్ గారి పేరుంది, మొదటి వైస్‌చైర్‌పర్సన్ గారి పేరుంది, కమిషనరు పేరుంది, చెక్కిన రాతిపనివాడి ఫోన్ నంబరుంది. రెండో వైస్‌చైర్‌పర్సన్ గారి పేరు లేదు. ఇది తనకి కాదని, తన వార్డు ప్రజలకి జరిగిన అవమానమని ఆయన కంఠం పూడుకుపోయింది. ప్రోటోకాల్ ఉల్లంఘన అన్నారు. ఇది కుట్ర అన్నారు. నలుగురు పోడియం దగ్గరికెళ్లారు. ఒకాయన అజెండా చింపాడు. ఆ ముక్క మా 37వ అంశం ఉన్న పేజీదే. ముప్పయ్యారు అంశాల్లో వినిపించని ఆత్మగౌరవం ఒక్కటంటే ఒక్క అంశంలో గంటా పది నిమిషాలు హోరెత్తింది. ఎనభయ్యారన్నమాట గానీ ఎనభై ఎనిమిదన్నమాట గానీ ఎవరినోటా రాలేదు. చివరికి రెండు తీర్మానాలు చేశారు. పేరు చేర్చి కొత్త రాయి వేయించడం, ఆమోదం. అంశం నంబరు 37, వాయిదా.

దానికి తోడు ఫైలు మీద ఏఈ గారు ఒక వాక్యం చేర్చారు. ‘సదరు రెండు మీటర్ల మేర గృహయజమాని ర్యాంపు, మెట్లు, తులసికోట కాలువపైకి వచ్చియున్నవి. ఆక్రమణలు తొలగించిన పిమ్మట పని చేపట్టవచ్చును.’ ఇది చదివి నాకు ఒళ్లు మండింది. ఆక్రమణా? మా వీధిలో ర్యాంపు లేని ఇల్లు ఏది? స్కూటరు లోపలికెక్కాలా వద్దా? కాలవ అసలు వెడల్పు ఐదడుగులని, మా ర్యాంపు వల్ల మూడున్నరయిందని ఆయన కొలిచి చూపించారు. లెక్క సరిగ్గానే ఉంది. లెక్కల మాస్టారుని కనక ఒప్పుకోక తప్పలేదు. గృహయజమానిగా మాత్రం ఒప్పుకోను. తులసికోట మీద చెయ్యి వేస్తే మనోభావాలు దెబ్బతింటాయని రాతపూర్వకంగా తెలియజేశాను.

కొసమెరుపు ఏమిటంటే, కొత్త రాయి వారం తిరక్కుండా వచ్చేసింది. టెండరు లేదు, కాల్ లేదు, టూ ఏ ఎన్ లేదు. నల్లగ్రానైటు, బంగారు అక్షరాలు, ఇద్దరు వైస్‌చైర్‌పర్సన్లూ సమానమైన సైజులో. దాన్ని ఎక్కడ పాతాలన్నది ప్రశ్న అయింది. రీచ్-1 వాళ్లు మా హద్దులో వద్దన్నారు, రీచ్-2 కుర్రాడు బిల్లు వచ్చేదాకా ఏదీ ముట్టుకోనన్నాడు. చివరికి ఎవరికీ చెందని చోటు చూసి అక్కడ పాతారు. అంటే మా గేటుకి సరిగ్గా ఎదురుగా. గేటిప్పుడు ఒక రెక్కే తెరుచుకుంటుంది.

ఈ కౌన్సిల్‌ని తిట్టడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. 2019 జూలైలో పాత కౌన్సిల్ గడువు తీరాక 2021 మార్చి దాకా ప్రత్యేకాధికారి పాలనలో ఉన్నాం, మరిచిపోయారా? అప్పుడు వాయిదా వెయ్యడానికి కూడా ఎవరూ లేరు. తిడదామంటే ఇంటికొచ్చి “ఏం మాస్టారూ బావున్నారా” అనే మనిషి ఒక్కరైనా ఉండాలి కదా. మా వార్డు కౌన్సిలరు ఇప్పటికీ పండక్కి వస్తాడు. తలుపు మీదుగానే వస్తాడు. పోయిన సంక్రాంతికి జారి ఒక కాలు కాలవలో పెట్టాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చాను, తువ్వాలిచ్చాను. మూడు రోజుల్లో పని చేయిస్తానని తులసికోట మీద ఒట్టేశాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కొత్త రాయి పాతాక, పేరు తప్పిన పాత రాయిని మా ప్రహరీకి ఆనించి వెళ్లిపోయారు. చలికాలం వెళ్లింది, దాన్ని అడిగే దిక్కులేదు. స్టాకు రిజిస్టరులో లేదు, ఎం-బుక్కులో లేదు. మొన్న ఆదివారం మా ఆవిడ టేపు తెచ్చి నా చేతికిచ్చింది. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. కాలవ మీద ఇటు అరడుగు, అటు అరడుగు ఆనుతుంది. తాతగారి తలుపుకి తొమ్మిది నెలలుగా చెద పడుతోంది.

కానీ సాటి బాధితులారా, ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది. పేర్లు పైకి పెట్టి వేస్తే మంత్రిగారి నుంచి కమిషనరు దాకా అందరినీ రోజూ తొక్కినట్టవుతుంది. పేర్లు కిందికి పెట్టి వేస్తే అందరినీ మురుగులో ముంచినట్టవుతుంది. మొదటిది నేరమని మా తమ్ముడంటాడు, రెండోది పాపమని మా ఆవిడంటుంది. మాలో మేం మూడుసార్లు సమావేశమయ్యాం, మూడుసార్లూ వాయిదా వేశాం. ఏ వైపు తిప్పి వెయ్యాలో మీరే చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి.

సోమవారం గ్యాసొస్తుంది.